బుధవారం ఫోన్లో నేనన్న మాట గురించి

బొల్లారం,
ఆదివారం పొద్దున.

చిరంజీవి సింధూకి నాన్న దీవించి రాయునది.

ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. వాట్సాప్‌లో రెండు ముక్కలు పెట్టకుండా ఇంత పొడుగు ఉత్తరం ఎందుకని అనుకుంటావేమో. ఫోన్లో నాకు మాట తిన్నగా రాదు, గొంతు పెరుగుతుంది. నీకు తెలిసిందే. కాగితం మీదైతే ఆగి ఆలోచించుకోవచ్చు. రాయడం అయ్యాక తమ్ముడు ఫోటోలు తీసి నీకు పంపుతానన్నాడు.

బుధవారం రాత్రి నువ్వు "నాన్నా, ఇంక నావల్ల కావట్లేదు, ఈ హాస్పిటల్ ఉద్యోగం వదిలేస్తాను" అన్నావు. నువ్వు మాట పూర్తి చెయ్యకముందే నేను "మధ్యలో వదిలేసి రావడం మన ఇంటావంటా లేదు" అన్నాను. నువ్వు "సరే నాన్నా" అని పెట్టేశావు. ఆ "సరే" అప్పటినుంచి నా చెవిలోనే ఉంది.

పోయినేడు మేం లివర్‌పూల్ వచ్చినప్పుడు, నైట్ డ్యూటీ దిగి కళ్లు మూతలు పడుతున్నా మమ్మల్ని బస్సెక్కించి లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బు స్టేడియం ఆన్‌ఫీల్డ్‌కి తీసుకెళ్లావు. అక్కడ ఒక స్టాండ్ మీద, అంటే జనం కూర్చునే గ్యాలరీ మీద, పేరు చూసి నేను కదలకుండా నిలబడిపోతే "ఎవరు నాన్నా ఈయన?" అని అడిగావు. పెద్ద కథ, తర్వాత చెప్తానన్నాను. ఆ తర్వాత నీకు తీరికా దొరకలేదు, నాకు గుర్తూ లేదు. ఇప్పుడు చెప్తాను. ఆయన పేరు కెనీ డాల్‌గ్లీష్, ఫుట్‌బాల్ ఆటగాడు.

నేను డ్రిల్ మాస్టారుగా చేరకముందు, ఇక్కడి గ్రౌండ్లలో బూట్లు అరువు తెచ్చుకుని ఆడే రోజుల్లోనే ఆయన పేరు నాకు తెలుసు. ఆట చూసే వీలు ఎక్కడిది, పేపర్లో ఫలితాలు చదవడమే. రిటైరయ్యాక తమ్ముడు యూట్యూబ్ నేర్పించాక కూర్చుని పాత మ్యాచ్‌లన్నీ చూశాను.

1951లో గ్లాస్గోలో పుట్టాడు. వాళ్ల కుటుంబం తర్వాత గోవన్ అనే పేటకి మారింది. అది రేంజర్స్ క్లబ్బు పేట, వాళ్ల ఐబ్రాక్స్ స్టేడియం పక్కనే. పిల్లాడు కూడా రేంజర్స్ భక్తుడే, గదిలో గోడల నిండా వాళ్ల బొమ్మలే. ఆ ఊళ్లో రేంజర్స్, సెల్టిక్ అభిమానులకి పడదు. అది మతం దాకా పోయిన వైరం. అలాంటిది 1967లో సెల్టిక్ నుంచి షాన్ ఫాలన్ అనే ఆయన కుర్రాణ్ణి అడగడానికి ఇంటికే వచ్చాడు. ఆయన గుమ్మంలోకి వచ్చాడని తెలియగానే కెనీ గదిలోకి పరిగెత్తి రేంజర్స్ బొమ్మలన్నీ పీకేశాడట. ఫాలన్ భార్యాపిల్లల్ని కారులో కూర్చోబెట్టి లోపలికి వచ్చినవాడు, గంటలు గడిచినా బయటికి రాలేదట. చివరికి కుర్రాడు సెల్టిక్‌కి సంతకం పెట్టాడు. కొన్నాళ్లు వడ్రంగం పని నేర్చుకుంటూ కంబర్‌నాల్డ్ అనే చిన్న జట్టుకి ఆడాడు.

ఆట గురించి ఒక్క మాట రాయకపోతే నాకు తోచదు. మనిషి పొడుగరి కాదు, వేగం కూడా అంతంతమాత్రమే. డిఫెండర్ని వీపు మీద మోస్తున్నట్టు వెనక్కి ఆన్చుకుని నిలబడేవాడు. బంతి కాలి దగ్గరికి వచ్చేలోపే, ఎవరు ఎటు పరిగెడుతున్నారో ఆయన లెక్కలో ఉండేది. తిరగకుండానే తిరిగినవాడికంటే బాగా చూసేవాడు. నేను పిల్లలకి ఎన్నేళ్లు చెప్పినా అది చెప్పి నేర్పే విద్య కాదని నాకు అర్థమైంది. 1977లో లివర్‌పూల్ 4,40,000 పౌండ్లిచ్చి కొనుక్కుంది. బ్రిటన్‌లో అప్పటికి అదే రికార్డు. మరుసటేడే యూరోపియన్ కప్ ఫైనల్లో బెల్జియం జట్టు బ్రూజ్ మీద ఒకే ఒక్క గోలు, అదీ ఆయనదే. గోల్‌కీపర్ కింద పడేదాకా ఒక్క క్షణం ఆగి, బంతిని మెల్లగా అతని మీదుగా లేపాడు. ఆ ఒక్క క్షణం ఆగడం చూడాలి నువ్వు. స్కాట్లాండ్ తరఫున 102 మ్యాచ్‌లు ఆడాడు. మగవాళ్ల జట్టులో అన్ని మ్యాచ్‌లు ఆ దేశానికి ఇంకెవరూ ఆడలేదు. లివర్‌పూల్ ఆటగాడిగా మూడు యూరోపియన్ కప్పులు గెలిచాడు. ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి, నేను చెప్పాలనుకున్నది వేరు.

ఆ మనిషి జనం తొక్కిసలాటలో చావడాన్ని మూడుసార్లు దగ్గర్నుంచి చూశాడు. మొదటిది 1971 జనవరి 2న ఐబ్రాక్స్‌లో. మ్యాచ్ అయిపోయి మెట్లు దిగుతున్న జనంలో 66 మంది పోయారు. పందొమ్మిదేళ్ల కెనీ ఆ రోజు ఆడలేదు, స్టేడియంలోనే ఉన్నాడు. రెండోది 1985 మే నెలలో, బ్రసెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో. లివర్‌పూల్‌కీ, ఇటలీ జట్టు యువెంటస్‌కీ యూరోపియన్ కప్ ఫైనల్ మొదలవడానికి ముందు అల్లర్లలో గోడ కూలి 39 మంది పోయారు, ఎక్కువమంది ఇటలీవాళ్లు. అంత జరిగాక కూడా మ్యాచ్ ఆడించారు. దాని వెనకే ఆయన్ని లివర్‌పూల్ మేనేజర్‌ని చేశారు. అప్పటికి ముప్పై నాలుగేళ్లు. తాను ఆడుతూనే జట్టుని నడపాలి. మొదటి ఏడాదే ఇంగ్లండ్ లీగూ, అక్కడి నాకౌట్ పోటీ ఎఫ్.ఏ. కప్పూ రెండూ తెచ్చాడు. లీగు ఖాయం చేసిన గోలు కూడా తానే కొట్టాడు. చెల్సీ మైదానంలో, ఛాతీ మీద బంతి ఆపి నేలకి తగలకుండానే.

మూడోది 1989 ఏప్రిల్ 15. షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియం. ఆన్‌ఫీల్డ్ గేటు దగ్గర రాతి మీద చెక్కిన పేర్లు చదువుతూ అమ్మ కళ్లు తుడుచుకుంది చూడు, వాళ్లే. అప్పటికే నిండిపోయిన కంచెల మధ్యకి వేలమంది వెళ్లేలా పోలీసులు గేటు తీయించారు. ముందు ఇనుప కంచె, వెనకనుంచి తోపుడు. మ్యాచ్ మొదలై ఆరు నిమిషాలకే ఆపేశారు. మొత్తం 97 మంది. అందులో చాలామంది నీకంటే చిన్నవాళ్లు. ఆ రోజు ఆయన పన్నెండేళ్ల కొడుకు పాల్ కూడా మ్యాచ్ చూడ్డానికి వచ్చాడు. పిల్లాడు కళ్లబడేదాకా ఆ తండ్రి ఎలా ఉన్నాడో నేను రాయలేను. తన పిల్లాడు దొరికాడు. దొరకని తండ్రుల ముందు ఆయన నిలబడవలసి వచ్చింది.

తర్వాత జరిగింది నాకు అన్నిటికంటే పెద్ద విషయం. ఆన్‌ఫీల్డ్ తలుపులు జనానికి తెరిచేశారు. పూలు గోల్‌పోస్టు దగ్గర మొదలై మైదానం సగందాకా పరుచుకున్నాయి. క్లబ్బు గదుల్లో ఆటగాళ్లూ, వాళ్ల భార్యలూ టీలు అందిస్తూ, పోయినవాళ్ల ఇంటివాళ్ల పక్కన కూర్చున్నారు. ప్రతి అంత్యక్రియకీ క్లబ్బు తరఫున ఎవరో ఒకరు వెళ్లారు. కెనీ, ఆయన భార్య మెరీనా ఒకే రోజు నాలుగింటికి వెళ్లిన రోజు ఉంది. ద సన్ అనే పత్రిక తప్పంతా అభిమానులదేనని అబద్ధం అచ్చేసింది. తర్వాత ఆ ఎడిటర్ ఫోన్ చేసి ఎలా సరిదిద్దుకోవాలని అడిగితే, అంతే పెద్ద అక్షరాలతో 'మేం అబద్ధం చెప్పాం' అని వెయ్యమన్నాడట కెనీ. వాళ్లు వెయ్యలేదు. అభిమానుల తప్పేమీ లేదని, వాళ్లని చట్టవిరుద్ధంగా చంపినట్టేనని జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది. 27 ఏళ్లు. ఆ తల్లులు అన్నేళ్లూ కోర్టుల చుట్టూ తిరిగారు.

అందరి దుఃఖాన్నీ మోసినవాడు తన గురించి ఎవరికీ చెప్పుకోలేదు. మరుసటేడు మళ్లీ లీగ్ గెలిపించాడు. ఒళ్లు మాత్రం ఒప్పుకోలేదు. చర్మం మీద దద్దుర్లు లేచేవి, ఇంట్లో పిల్లల మీద కసురుకునేవాడు. 1991 ఫిబ్రవరి 20న పక్కవీధి జట్టు ఎవర్టన్‌తో కప్ మ్యాచ్. లివర్‌పూల్ నాలుగుసార్లు ముందుకి వెళ్లింది, నాలుగుసార్లూ వాళ్లు సమం చేశారు. 4-4. ఆ మ్యాచ్‌లో ఎవర్ని ఎక్కడికి మార్చాలో తనకి స్పష్టంగా తెలుస్తూనే ఉందని, అయినా ఆ పని చెయ్యలేకపోయానని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. రెండు రోజులకి రాజీనామా చేశాడు. జట్టు అప్పుడు లీగ్‌లో మొదటి స్థానంలో ఉంది. ఊరంతా నివ్వెరపోయింది.

సింధూ, ఇది చదువుతుంటే నీకు ఏదో గుర్తు రావాలి. నాకు శుక్రవారం రాత్రి మంచం మీద గుర్తొచ్చింది. నువ్వు అదే ఫోన్లో ఇంకో మాట కూడా అన్నావు. "చార్టు చేతిలో పట్టుకుని నిలబడిపోయాను నాన్నా, ఏ మందు రాయాలో తెలుసు, చెయ్యి కదల్లేదు" అని. నేను అది విన్నాను, వినిపించుకోలేదు. ఇంగ్లండ్ పంపించిన ఖర్చు, చుట్టాల ముందు మాట, ఇవే నా బుర్రలో తిరుగుతున్నాయి. వరసగా పదకొండు రాత్రులు డ్యూటీ, ఒకే రాత్రి వార్డులో ముగ్గురు పోవడం, వాళ్ల ఇంటివాళ్లకి నువ్వే చెప్పాల్సి రావడం. ఇవి నువ్వు చెప్తుంటే కూడా నేను "అలవాటవుతుందిలే" అన్నాను.

నేను నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో జిల్లా టోర్నమెంటులో మా లెఫ్ట్ బ్యాక్ కుర్రాడు రెండుసార్లు బెంచీ వైపు చెయ్యెత్తాడు, మార్చమని. గెలుస్తున్నాం కదా అని నేను మొహం తిప్పుకున్నాను. మోకాలు పూర్తిగా పోయింది. వాడు మళ్లీ బంతి ముట్టలేదు. ఇప్పటికీ అల్వాల్ మార్కెట్లో ఎదురైతే "నమస్తే సార్" అంటాడు, నడక చూసి నేను తల దించుకుంటాను. అంత జరిగాక కూడా బుధవారం నా సొంత కూతురు చెయ్యెత్తితే మళ్లీ అదే చేశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నన్ను క్షమించు తల్లీ.

కెనీ సంగతి పూర్తి చేస్తాను. కొన్ని నెలలు పిల్లలతో ఉన్నాడు. అక్టోబరులో బ్లాక్‌బర్న్ అనే చిన్న ఊరి జట్టు పిలిస్తే వెళ్లాడు. కింది డివిజన్‌లో ఉన్న జట్టు అది. 1995లో అదే జట్టు దేశం మొత్తానికీ ఛాంపియన్ అయ్యింది, 1914 తర్వాత మొదటిసారి. ఆఖరి మ్యాచ్ ఎక్కడ పడిందో తెలుసా, ఆన్‌ఫీల్డ్‌లో. లివర్‌పూల్ చేతిలో ఓడిపోయింది, అయినా మాంచెస్టర్ యునైటెడ్ అక్కడ లండన్‌లో డ్రా చేసుకోవడంతో కప్పు వీళ్లకే వచ్చింది. తన పాత ఊరి జనం తనకోసం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ వీడియో నీకు విడిగా పంపుతాను. రాజీనామా చేసిన ఇరవయ్యేళ్లకి, 2011లో, అదే లివర్‌పూల్ మళ్లీ పిలిచింది. వెళ్లాడు. 2017లో స్టాండుకి ఆయన పేరు పెట్టారు. మధ్యలో వదిలేసి వెళ్లిపోయినవాడని ఎవరూ ఆ పేరు ఆపలేదు.

నిన్ను వదిలెయ్యమని నేను చెప్పడం లేదు, ఉండమనీ చెప్పడం లేదు. నీ ఒళ్లు, నీ మనసు, నీ పని. ముందు అక్కడే ఒక మంచి డాక్టరుకి నువ్వు పేషెంటువై చూపించుకో. సెలవు పెట్టి చూడాలనిపిస్తే పెట్టు. రాజీనామా ఇవ్వాలనిపిస్తే ఇవ్వు. లోను సంగతి నాకు వదిలెయ్, పెన్షన్ ఉంది. చుట్టాలకి ఏం చెప్పాలన్నది నా పని, నీది కాదు.

అమ్మ ఉసిరికాయ తొక్కు పెట్టింది. పంపుదామంటే వద్దంటోంది, వచ్చినప్పుడు తింటుందిలే అంటోంది. ఫోన్ నేను చెయ్యను. నీకు మాట్లాడాలనిపించినప్పుడు ఏ రాత్రయినా చెయ్యి, పక్కనే పెట్టుకుని పడుకుంటున్నాను. టికెట్ తియ్యమంటే తేదీ ఒక్కటి చెప్పు. తెల్లవారుజాము ఫ్లైటైనా సరే, శంషాబాద్‌కి నేనే వస్తాను.

ఇట్లు,
మీ నాన్న