మా వాట్సాప్ ఏడు రోజులు ఎందుకు పలకలేదంటే

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోని మా పచ్చళ్ళ కొట్టులో కొనే మీ అందరికీ ఈ విషయం చెప్పాలి. రెండు వారాల కిందట శనివారం మా నంబరు నుంచి మీలో చాలామందికి ఒక మెసేజ్ వచ్చింది. "ఆవకాయ అడ్వాన్సు ఈ కొత్త క్యూఆర్ కోడ్‌కి పంపండి, ఈరోజే ఆఖరు" అని. అది మేం పంపలేదు. కానీ తప్పు మా కొట్టులోనే జరిగింది.

ఆ పొద్దున కాయలు కొట్టిస్తూ హడావుడిగా ఉన్నాం. ఒక పాత కస్టమర్ నంబరు నుంచి పెళ్ళి శుభలేఖ అంటూ ఫైలొచ్చింది. శుభలేఖ అయితే ఫొటోనో పీడీఎఫో ఉండాలి. దీని పేరు చివర ఏపీకే అని ఉంది, అంటే యాప్. కౌంటర్లో ఉన్న మా తమ్ముడు తెలిసినవాళ్ళ పెళ్ళే కదా అని నొక్కాడు. ఎస్సెమ్మెస్‌లు చదవడానికి పర్మిషన్ అడిగితే అదీ ఇచ్చాడు. వాడినేమీ అనలేదు, ఫోన్ నా చేతిలో ఉన్నా నేనూ నొక్కేదాన్నే. ఆ కస్టమర్ ఫోనూ అలాగే దొంగల పాలైందని తర్వాత తెలిసింది.

మన వాట్సాప్‌ని ఇంకో ఫోన్‌లో తెరవాలంటే మన సిమ్‌కి ఆరంకెల కోడ్ వస్తుంది. ఆ యాప్ దాన్ని చదివి వాళ్ళకు చేరవేసింది. కావలి నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "ఏందమ్మా, డబ్బు కొడతావుంటే మీ కొట్టు పేరు కాకుండా ఎవరిదో పేరు చూపిస్తావుందే?" అని అడిగేదాకా మాకు ఏమీ తెలియదు. ఆమె ఆ పేరు చదవబట్టే ఇంతటితో ఆగింది.

వెంటనే సిమ్ తీసి అమ్మ ఫోన్‌లో వేసి, కోడ్ మళ్ళీ తెప్పించుకుంటే దొంగలు బయటికి పోయారు. కానీ అప్పటికే వాళ్ళు టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్, అంటే కోడ్ తర్వాత వాట్సాప్ అడిగే రెండో తాళం లాంటిది, పెట్టేశారు. ఆ పిన్ తెలియకపోతే ఏడు రోజులు ఆగాల్సిందే. మీకు జవాబులు రాకపోవడానికి కారణం అదే. రెండు నిమిషాల పని, ఆ పిన్ మేమే ముందు పెట్టుకుని ఉండాల్సింది. ఆ బాధ ఇంకా పోలేదు.

పాత చాట్‌లు దొంగల ఫోన్‌కి వెళ్ళవు. కాంటాక్టులు మాత్రం పోయినట్టే అనుకోండి. మీకూ అలాంటి ఫైళ్ళు రావచ్చు, తెరవకండి.

ఇప్పుడు పిన్ పెట్టాం. మన వాట్సాప్ ఇంకా ఎక్కడెక్కడ తెరిచి ఉందో చూపే లింక్‌డ్ డివైసెస్‌లో కొత్త ఫోనేదైనా ఉందేమో వారం వారం చూస్తున్నాం. కొట్టు ఫోన్ పూర్తిగా ఫార్మాట్ చేయించాం. బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్ ఇంట్లో బటన్ల ఫోన్‌లో ఉంటుంది. కౌంటర్ మీది క్యూఆర్ పైన ఇంకోటి అంటించే మోసం కూడా ఉందట, అందుకని షట్టర్ తీయగానే అంచు గోటితో గీకి చూస్తున్నాం.

ఆ రోజు డబ్బు పంపినవాళ్ళు మాకు తెలిసి నలుగురు. ఒకరు గంటలోపే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపగలిగారు. మిగతా ముగ్గురికీ మేమే తిరిగి ఇచ్చేశాం. పంపి, మొహమాటపడి చెప్పనివాళ్ళు ఇంకా ఉన్నారేమోనని నా అనుమానం. దయచేసి చెప్పండి. పేమెంట్ యాప్‌లో కనిపించే పన్నెండంకెల నంబరు చూపిస్తే చాలు, డబ్బు గానీ అంత ఆవకాయ గానీ మీ ఇష్టం.