ముందు ఆంప్లిఫయర్ల సంగతి చూడండి

సంపాదకుల వారికి,

అమెరికాలో సామాన్యులు తమలో తాము మాట్లాడుకునే సీబీ (సిటిజన్స్ బ్యాండ్) రేడియోకు ఏఎం అనే ప్రసార పద్ధతిలో ఉన్న 4 వాట్ల పవర్ పరిమితిని ఎత్తేయాలన్న వాదన నాకు నచ్చలేదు. 16 వాట్లకు పెంచినా అవతలివాళ్లకు సిగ్నల్ పెరిగేది 6 డెసిబెల్స్, అంటే సిగ్నల్ బలాన్ని చూపే మీటరుపై ఒక్క మెట్టు (ఎస్-యూనిట్). యాంటెన్నా సరిగా ట్యూన్ చేసి, కాస్త ఎత్తున పెడితే చాలాసార్లు అంతకంటే లాభం. పైగా ఛానెళ్ల మధ్య ఎడం సాధారణంగా 10 కిలోహెర్ట్జ్ మాత్రమే. పవర్ పెంచే నాసిరకం ఆంప్లిఫయర్ పెట్టి అరిచేవాడి గోల పక్క ఛానెళ్లకూ పాకుతుంది. అత్యవసరాలకు కేటాయించిన 9వ ఛానెల్‌లో సాయం అడిగే బలహీనమైన గొంతు ఎవరికి వినిపిస్తుంది?

పాత నియమాలన్నీ ఉండాలని కాదు. దాదాపు 250 కిలోమీటర్లు దాటి మాట్లాడకూడదన్న దూర పరిమితిని 2017లో తీసేయడం సబబే (రేడియో తరంగాలను దూరాలకు తిప్పి పంపే పై వాతావరణ పొర అయనోస్ఫియర్‌కు ఆ నిబంధన ఎప్పుడు తెలుసు గనక!). వాట్ల సంగతి వేరు. ముందు అక్రమ ఆంప్లిఫయర్ల అమ్మకాన్ని ఆపండి.

— ఒక పాఠకుడు