5.3 స్వాప్ మా దగ్గర ఇక "చవక" కాదు: కమారో, నోవా కస్టమర్లకు

డల్లాస్ చుట్టుపక్కల నుంచి మా షాపుకు కమారో, నోవా లాంటి పాత షెవర్లే కార్లు తెచ్చే అందరికీ నమస్కారం. పాత ఇంజన్ దించి షెవర్లే ట్రక్కుల 5.3 లీటర్ల ఇంజన్ పెట్టే పనికి మా రేట్ల పట్టికలో ఉన్న "5.3 ట్రక్కు ఇంజన్ స్వాప్, అన్నిటికన్నా చవక" అన్న లైను తీసేశాం. అది అబద్ధమేం కాదు గానీ సగమే నిజం. ఇంజన్ చవక. దాన్ని 1969 కమారోలో కూర్చోబెట్టడం చవక కాదు.

1999 నుంచి 2007 దాకా సిల్వరాడో పికప్ ట్రక్కుల్లో వచ్చిన ఇనుప బ్లాకు 5.3, కంపెనీ కోడు ఎల్‌ఎం7, గట్టి ఇంజన్. కంపెనీ లెక్కలోనే 270 నుంచి 295 హార్స్‌పవర్. అయితే అది ట్రక్కు కోసం కట్టింది. అడుగున ఆయిల్ నిలిచే పాన్ లోతు ఎక్కువ, కమారో క్రాస్‌మెంబర్ (ఇంజన్ కింద అడ్డంగా ఉండే దూలం) కిందికి వేలాడుతుంది. పోత అల్యూమినియం కాబట్టి రోడ్డుకు గట్టిగా తగిలితే సొట్ట పడదు, పగులుతుంది. పాన్‌తో పాటు ఆయిల్ పీల్చే పికప్ ట్యూబూ మార్చాలి. అక్కడి ఓ-రింగు (రబ్బరు సీలు) బిగించేటప్పుడు చిరిగిందంటే ఆయిల్‌తో పాటు గాలి పీల్చి ప్రెషర్ పడిపోతుంది, మళ్లీ పాన్ దించాల్సిందే. ఇంజన్‌కు గాలి పంపే ట్రక్కు ఇన్‌టేక్ ఎత్తు, హుడ్ మూసుకోదు. ఏసీ కంప్రెసర్ కుడి పక్కన కింద ఉండి ఫ్రేముకు తగులుతుంది. టెక్సస్ ఎండలకు ఏసీ వద్దనేవాళ్లెవరు?

అక్కడితో అయిపోలేదు, ముందుంది ముసళ్ల పండగ. కార్బ్యురేటర్‌కు పెట్రోలు ప్రెషర్ 6, 7 పీఎస్‌ఐ సరిపోతుంది. 5.3ది ఇంజెక్షన్ కాబట్టి దీనికి 58 కావాలి. అంటే కొత్త పంపు, రెగ్యులేటర్, ఆ ప్రెషర్‌కు తట్టుకునే గొట్టాలు. పాత ట్యాంకులో పంపు చుట్టూ అడ్డుగోడలు ఉండవు గనక, పెట్రోలు తక్కువున్నప్పుడు మలుపులో ఇంజన్ దగ్గుతుంది. మౌంటు ప్లేట్లు, హెడర్లు (పొగ గొట్టాలు), విడి హార్నెస్ (వైర్ల కట్ట), కంప్యూటర్‌లో తాళంచెవి గుర్తింపు తీసేయించడం, హెడ్ల నుంచి వచ్చే స్టీమ్ లైనును రేడియేటర్‌కు కలపడం కూడా ఉన్నాయి. పాత టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్సే ఉంచుకుంటామంటే ఇంకో మెలిక: 5.3 క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక అంచు పాత షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8 కన్నా 0.4 అంగుళం లోపలికి ఉంటుంది. స్పేసరూ దానికి సరిపోయే ఫ్లెక్స్‌ప్లేటూ (క్రాంకుకూ కన్వర్టర్‌కూ మధ్య ఉండే పళ్లెం) లేకుండా గేర్‌బాక్సు కన్వర్టర్ సరిగ్గా కూర్చోదు.

అందుకే బడ్జెట్ బిగువుగా ఉండి, వారాంతంలో నడుపుకునే కారైతే ఇకనుంచి మేం ముందు చెప్పేది ఎల్‌31. 1996 నుంచి 2000 దాకా ట్రక్కుల్లో, 2002 దాకా వ్యాన్లలో వచ్చిన 350 క్యూబిక్ అంగుళాల వోర్టెక్ అదే, 255 హార్స్‌పవర్. మంచి హెడ్లు, వాల్వులు తెరిచే రోలర్ కామ్ కంపెనీ నుంచే వస్తాయి. మీ కారు మౌంట్లు, గేర్‌బాక్సు మారవు. 24 ఏళ్లు దాటిన బళ్లకు టెక్సస్‌లో పొగ పరీక్ష లేదు గనక దాని ఇంజెక్షన్ తీసేసి కార్బ్యురేటర్ పెట్టుకోవచ్చు.

దీంట్లోనూ తిరకాసులున్నాయి. ఇన్‌టేక్ వోర్టెక్‌దే కొనాలి, పాత 12 బోల్టులది పట్టదు. పాత ఫ్లెక్స్‌ప్లేటూ పనికిరాదు: క్రాంకు మీద బోల్టుల చుట్టుకొలత వేరు, బరువు తూకం కూడా 1986 తర్వాతి ఒకే ముక్క సీలు ఇంజన్లదే కావాలి. ట్రక్కు వాటర్ పంపు సర్పెంటైన్ బెల్టు వల్ల రివర్స్‌లో తిరుగుతుంది. మీ వి-బెల్టు పుల్లీలే ఉంచితే పంపు కూడా పాత రకమే బిగించాలి, లేకపోతే నీళ్లు సరిగా తిరగక వేడెక్కుతుంది. కామ్ స్టీలుది, కాబట్టి స్పార్కు పంచే పాత హెచ్‌ఈఐ డిస్ట్రిబ్యూటర్ గేరు అలాగే దించితే పళ్లు అరిగి ఇనుప పొడి ఆయిల్లో కలుస్తుంది. మెలనైజ్డ్ (పైపొర గట్టిపరిచిన) గేరు వేయించండి. పెద్ద కామ్ వేయాలని సరదా ఉంటే ముందే చెప్పండి, ఈ హెడ్లలో లిఫ్ట్ (వాల్వు తెరుచుకునే ఎత్తు) 0.450 అంగుళం దాటిస్తే వాల్వ్ గైడుకు స్ప్రింగు పట్టే రిటైనర్ తగిలే ప్రమాదం మొదలవుతుంది.

పాత బళ్ల యార్డులో మీరే కొనేట్టయితే, ఎల్‌31లో ఇన్‌టేక్ గాస్కెట్ దగ్గర కూలెంట్ కారిన మరకలు వెతకండి. ఆయిల్ మూత లోపల మీగడలాంటి పదార్థం కనిపిస్తే వదిలేయండి. 5.3కి వెళితే ట్రక్కు విన్ (బండి గుర్తింపు నంబరు)లో ఎనిమిదో అక్షరం చూడండి: టీ ఉంటే ఎల్‌ఎం7, వీ ఉంటే చిన్నదైన 4.8 లీటర్ల ఇంజన్. అమ్మేవాడు రెండూ ఒకటే అంటాడు. 706 నంబరు హెడ్ల మీద క్యాస్‌టెక్ అనే పోత కంపెనీ గుర్తుంటే రాకర్ కవర్ కింద పగిలి కూలెంట్ తాగే అవకాశం ఉంది. కంప్రెషన్ చూస్తే ఏ సిలిండరూ 100 పీఎస్‌ఐ కిందికి రాకూడదు, అతి తక్కువది అతి ఎక్కువదాంట్లో 70 శాతమైనా ఉండాలి. 2007 తర్వాతి వాటిలో సిలిండర్లు ఆపే ఏర్పాటు ఉన్నవి మేం తీసుకోం. వాటిలో వాల్వులను నెట్టే లిఫ్టర్లు పోతే కామ్‌నూ తినేస్తాయి.

5.3 పూర్తిగా మానేశామనుకోకండి. రోజూ హైవే మీద వెళ్లేవాళ్లకు, ఓవర్‌డ్రైవ్ కావాల్సినవాళ్లకు, తర్వాత టర్బో పెట్టుకోవాలనుకునేవాళ్లకు అదే సరైనది. కానీ పైన చెప్పిన సామాను మొత్తం ఖరీదు రాసిచ్చి, మీరు సంతకం పెట్టాకే ఇంజన్ కొంటాం. ఇదివరకే ఇచ్చిన కొటేషన్లు మారవు, పెరిగింది మేమే భరిస్తాం.

ఒక్క మాట, పాత ఇంజన్ ఇంకా కార్లోనే ఉన్నవాళ్లకు. బ్లాకు ముందు, కుడి హెడ్ కింద చదునుగా చిన్న పట్టీ ఉంటుంది. వైర్ బ్రష్ పెట్టకుండా గుడ్డతో తుడిచి ఫొటో తీసి పంపండి. అక్కడి అంకెలు మీ కారు విన్‌తో కలిస్తే అది పుట్టింటి ఇంజన్, అంటే ఫ్యాక్టరీ నుంచి కారుతోనే వచ్చింది. మెషిన్ షాపులో బ్లాకు పైభాగం చెక్కిస్తే ఆ అంకెలూ పోతాయి, కారు విలువా తగ్గుతుంది. ఫొటో చూడకుండా ఇకమీదట మేం ఏ బ్లాకూ మెషిన్ షాపుకు పంపం.