విచారణ ఖైదీకి ఓటు: కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

ప్రజాప్రాతినిధ్య చట్టం (1951) సెక్షన్ 62(5)ను సవరించాలని కోరుతున్నాం. జైల్లో గానీ పోలీసు కస్టడీలో గానీ ఉన్నవారు ఓటు వేయకూడదని అది చెబుతోంది. శిక్ష పడినవారికీ, నేరం రుజువు కానివారికీ తేడా లేదు. మన జైళ్లలో దాదాపు నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. ఒకే కేసులో పూచీకత్తు ఇవ్వగలిగి బెయిల్‌పై బయటికొచ్చినవారు ఓటేస్తారు, ఇవ్వలేని పేదవారు వేయలేరు. ఇదే చట్టానికి 2013లో చేసిన సవరణ పుణ్యమా అని ఆ ఖైదీ జైలు నుంచే ఎన్నికల్లో పోటీ చేయవచ్చు, తన ఓటు మాత్రం తనకు వేసుకోలేడు!

పాకిస్తాన్ 2017 ఎన్నికల చట్టం, బంగ్లాదేశ్ 1972 ప్రజాప్రాతినిధ్య ఉత్తర్వు జైల్లో ఉన్నవారికి పోస్టల్ బ్యాలెట్ కోరే హక్కు ఇచ్చాయి. అక్కడి జైళ్లు మెరుగని మేం అనడం లేదు. ఈ విషయంలో వాళ్ల చట్టం మనకన్నా నయం.

ఖైదీలతో ఓటు వేయించాలంటే అదనపు పోలీసులు, ఏర్పాట్లు కావాలన్న వాదనను 1997లో సుప్రీంకోర్టు అంగీకరించింది. కానీ పీడీ చట్టం (నేరం చేయకుండా ముందుజాగ్రత్తగా నిర్బంధించే చట్టం) కింద నిర్బంధంలో ఉన్నవారు అదే సెక్షన్‌లోని మినహాయింపుతో ఇప్పటికే పోస్టల్ బ్యాలెట్‌తో ఓటేస్తున్నారు. ఎన్నిక ప్రకటించిన 15 రోజుల్లో ప్రభుత్వం వారి పేర్లు, ఓటరు జాబితా నంబర్లు రిటర్నింగ్ అధికారికి పంపాలి. ఓటరు సంతకం చేసే డిక్లరేషన్ ఫారం 13ఎ మీద జైలు సూపరింటెండెంట్ ధ్రువీకరణ సరిపోతుంది. ఎస్కార్టు అక్కర్లేదు. విచారణ ఖైదీలకూ ఇదే పద్ధతి వర్తింపజేయండి.

చిక్కు వచ్చేది ఓటరు నంబర్లు సేకరించే దగ్గర, ఖైదీని మధ్యలో వేరే జైలుకు మార్చినప్పుడు. అందుకే అడ్మిషన్ రిజిస్టర్‌లోనే ఓటరు కార్డు నంబరు రాయించండి, బదిలీ అయితే కొత్త చిరునామా అదే రోజు రిటర్నింగ్ అధికారికి చేరేలా నిబంధన పెట్టండి.