క్లోరిన్ లీకైన రాత్రి మమ్మల్ని కాపాడినవారికి

మా నీటి శుద్ధి కేంద్రంలో క్లోరిన్ టన్నర్ (ద్రవ క్లోరిన్ నిల్వ ఉంచే పెద్ద సిలిండర్) లీకైందని తెలిసి చాలామంది ఫోన్లు చేశారు. ఎక్కువగా మాట్లాడవద్దని డాక్టరుగారు కట్టడి చేయడంతో అందరికీ ఇలా బదులిస్తున్నాను. నేను కోలుకుంటున్నాను. అందుకు కారకులైనవారికి నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను.

ముందుగా మా షిఫ్ట్ ఇన్‌చార్జి గారికి. వాల్వు గ్లాండ్ (వాల్వు కాడ చుట్టూ లీకు కాకుండా బిగించే భాగం) దగ్గర ప్యాకింగ్ వదిలేసినప్పుడు నేను గదిలోనే ఉన్నాను. దగ్గుతో కళ్లు కనబడక గుమ్మం దాకా వచ్చిపడ్డాను. వాల్వు కట్టేస్తానంటూ లోపలికి దూకబోయిన కుర్రవాణ్ని ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు. దగ్గరి గేటు గాలివాలుకు ఉంది కాబట్టి అటు వద్దని, గాలికి ఎదురుగా, మెరక వైపు అందరినీ నడిపించారు. క్లోరిన్ గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. పల్లంలో, కాలువల్లో పేరుకుంటుంది. పది లక్షల పాళ్ల గాలిలో 10 పాళ్లున్నా ప్రాణాపాయమే. ఎంత ఉందో తెలియని చోటికి చుట్టూ ఉన్న గాలినే వడపోసే మామూలు క్యానిస్టర్ మాస్కుతో వెళ్లకూడదు. సిలిండర్‌లోని గాలి పీల్చుకునే మా బ్రీతింగ్ సెట్లేమో సరిగ్గా అప్పుడే సర్వీసుకు వెళ్లాయి. దాని సంగతి యాజమాన్యంతో విడిగా మాట్లాడతాను.

ఆ సెట్లతో పరుగున వచ్చింది పక్క ఫ్యాక్టరీ అత్యవసర బృందం. వారు చేసిన పని మావాళ్లు ఎన్నిసార్లు చెప్పినా తనివితీరడం లేదు. టన్నర్‌కు ఒకే వైపు రెండు వాల్వులుంటాయి. ఒకదానిపై ఒకటి వచ్చేలా పడుకోబెడితే పైదాని నుంచి గ్యాస్, కిందిదాని నుంచి ద్రవం వస్తాయి. లీకైనది కిందిది. దాని చుట్టూ తెల్లగా మంచు కట్టింది. ఒక లీటరు ద్రవం ఆవిరైతే సుమారు 450 లీటర్ల గ్యాస్ అవుతుంది. అందుకే వారు ముందు వాల్వు జోలికి పోకుండా టన్నర్‌ను రోలర్ల మీద సగం చుట్టు తిప్పారు. లీకు పైకి వచ్చింది, ద్రవం ఆగి గ్యాస్ మాత్రమే మిగిలింది. ఆ తర్వాతే గ్లాండ్ నట్టు బిగించారు. అమ్మోనియా ద్రావణం సీసా మూత తీసి దగ్గర పెడితే అప్పటిదాకా లేచిన తెల్లని పొగ ఇక లేవలేదట.

ఈలోగా "నీళ్లు కొట్టండి" అని బయట ఎవరో ఒకటే గోల. లీకు మీద నీరు పడితే ఆమ్లం తయారై లోహాన్ని తినేస్తుంది, రంధ్రం ఇంకా పెద్దదవుతుంది. ఆ గోలను లెక్కచేయని బృందం నాయకుడికి నమస్కారం.

ఇక ఆసుపత్రిలో ఆ నర్సమ్మకు. దగ్గు తగ్గింది, ఇంటికి వెళతానని నేను మారాం చేస్తే, "ఇప్పుడు బాగుందనిపించడమే దీనితో చిక్కు, గంటల తర్వాత కూడా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది" అని మంచం దిగనివ్వలేదు. తెల్లవారుజామున ఆయాసం రానే వచ్చింది. ఆక్సిజన్ పక్కనే సిద్ధంగా ఉంది. అమ్మా, మీ మాట విననందుకు కసురుకున్నారు చూడండి, దానికి కూడా కృతజ్ఞతలు.

పక్క ఫ్యాక్టరీ వారి సిలిండర్లు నింపించి మావాళ్లు తిరిగి పంపేశారు. మా సెట్లూ సర్వీసు నుంచి వచ్చాయట. డ్యూటీలో చేరగానే వాటి గేజీలు నేనే చూసుకుంటాను.