వార్షిక నివేదిక 2024–25: ఒత్తు జారిన ఏడాది

సభ్యులకు నమస్కారం.

సోల్డరింగ్ శిక్షణ, పిల్లల వేసవి తరగతులు ఎప్పటిలాగే సాగాయి, వాటి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఈ ఏడాది కార్యవర్గానికి నిద్ర లేకుండా చేసింది మాత్రం మన పాత 3018 సీఎన్‌సీ యంత్రం, అంటే కంప్యూటరు ఆదేశాలతో చెక్క మీద చెక్కే చిన్న యంత్రం.

సభ్యురాలొకరి గృహప్రవేశానికి టేకు పలక మీద ‘అమ్మ ఇల్లు’ అని చెక్కుతున్నాం. ‘అమ్మ’ ముత్యంలా వచ్చింది. ‘ఇల్లు’ దగ్గరికి వచ్చేసరికి ల ఒత్తు తన అక్షరాన్ని వదిలేసి ‘ఇ’ కిందకు చేరింది. పలక పాడైంది, ముహూర్తం దాటింది. రెండో పలక మా ఖర్చుతో చేసి ఇచ్చాం.

ఇలా జరిగితే యంత్రానికే తెలియదు. అందులోని స్టెప్పర్ మోటారుకు, అంటే అడుగు అడుగుగా తిరిగే మోటారుకు, ‘ఇన్ని అడుగులు వెయ్యి’ అని చెప్పడమే తప్ప, వేసిందో లేదో తిరిగి అడిగే ఏర్పాటు లేదు. మోటారు ఒక చుట్టు తిరగడానికి 200 అడుగులు, మోటారును నడిపే డ్రైవర్ బోర్డు ఒక్కో అడుగును 16 ముక్కలు చేస్తుంది. మోటారు తిప్పే పొడవాటి మర (లీడ్ స్క్రూ) చుట్టుకు 4 మిల్లీమీటర్లు జరుపుతుంది కాబట్టి మిల్లీమీటరుకు 800 విద్యుత్ పల్సులు. లెక్క ఎక్కడ తప్పినా పని ఆగదు, తప్పిన చోటి నుంచే కొనసాగుతుంది.

మొదట అందరం డ్రైవర్‌నే అనుమానించాం. కొత్త బోర్డు కొన్నాం. అది అనవసరపు ఖర్చని ఒప్పుకుంటున్నాను. చూడాల్సింది చూడకుండా కొన్నందుకు తప్పు కార్యదర్శిదే.

దారి చూపింది డయల్ గేజి. చెప్పిన దూరానికీ, యంత్రం నిజంగా జరిగిన దూరానికీ మధ్య సన్నటి తేడాను దానితో కొలిచాం. మోటారు రోటరుకు 50 పళ్లు. బరువు మోయలేక తడబడితే అది పక్క పంటికి, అంటే చుట్టులో యాభయ్యో వంతుకు జారి అక్కడ పట్టు చిక్కించుకుంటుంది. మన స్క్రూ మీద అది 0.08 మిల్లీమీటర్లు. కాబట్టి మోటారు తడబడితే తేడా 0.08కి గుణిజంగా రావాలి. ఎక్స్ అక్షంలో (అడ్డంగా జరిగే దిశలో) తేడా ఒక్కోసారి ఒక్కో రకంగా ఉంది, ఆ లెక్కలో ఇమడలేదు. అంటే మోటారు సరిగానే తిరుగుతోంది, దాని తర్వాతిది జారుతోంది. మోటారు ఇరుసు నుంచి, దాన్ని లీడ్ స్క్రూతో కలిపే కప్లింగ్ మీదుగా మార్కరుతో ఒక గీత గీసి, చెక్కకు తగలకుండా గాలిలో పది నిమిషాలు నడిపించాం. గీత రెండు ముక్కలైంది. కప్లింగ్‌ను ఇరుసుకు బిగించే గ్రబ్ స్క్రూ వదులు! 5 మిల్లీమీటర్ల గుండ్రటి ఇరుసు మీద దానికి పట్టు దొరకడం లేదు. ఇరుసును ఒక పక్క చదునుగా అరగదీసి, థ్రెడ్ లాకర్ జిగురు చుక్క వేసి బిగించాం. మొత్తం మరమ్మతుకు ఒక ఆకురాయి, ఒక అలెన్ కీ, అరగంట సరిపోయాయి.

పైకీ కిందికీ జరిగే జెడ్ అక్షం కథ వేరు. అక్కడ తేడా కచ్చితంగా 0.08 గుణిజాలే. పని సాగేకొద్దీ గీతలు లోతవుతూ పోయాయి. ఎత్తేటప్పుడు స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే భాగం) బరువును మోయలేక మోటారు అడుగులు పోగొట్టుకుంటోంది, దించేటప్పుడు మాత్రం పూర్తిగా దిగుతోంది. స్క్రూకు జిడ్డు, టేకు పొడి కలిసి ముద్ద కట్టాయి. దాన్ని తుడిచి, యంత్రాన్ని నడిపే జీఆర్‌బీఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో జెడ్ గరిష్ఠ వేగాన్ని, త్వరణాన్ని సగానికి తగ్గించాం. అప్పటి నుంచి తేడా రాలేదు. ఎండాకాలం డ్రైవర్లు వేడెక్కకుండా చిన్న ఫ్యాను కూడా పెట్టాం.

మరొక సంగతి. కట్టర్ మార్చడానికి పని ఆపినప్పుడు కొందరు స్పిండిల్‌ను చేత్తో పక్కకు తోస్తున్నారు. పని ఆగగానే మోటార్లకు కరెంటు తీసేసే అమరిక ఉండటం వల్ల స్పిండిల్ నిజంగానే పక్కకు కదిలిపోయి, యంత్రం లెక్క తప్పేది. ఇప్పుడు జీఆర్‌బీఎల్‌లో ఆ అమరిక ($1) విలువను 255 చేశాం. పని లేనప్పుడు కూడా మోటార్లు బిగిసే ఉంటాయి, కాస్త వెచ్చబడతాయి కూడా. తాకి చూసి కంగారు పడకండి, తోయకండి.

జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డుమీద ఉంది. అందులో ‘డ్రైవర్ బోర్డు’ అన్న పద్దు ఎదుట ఎరుపు సిరాతో నా సంతకం కనిపిస్తుంది. వాడని ఆ బోర్డును విడిభాగంగా ఉంచాలా, అమ్మేయాలా అన్నది సర్వసభ్య సమావేశంలో మీరే తేల్చాలి.

ఇట్లు,
కార్యదర్శి