ఎన్‌పీటెల్ పాఠాలు ఇంజినీర్లకే కావు

సంపాదకులకు,

ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) కలిసి నడిపే ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాలు ఇంజినీరింగ్ వాళ్లకేనని డిగ్రీ విద్యార్థుల్లో చాలామంది అనుకుంటున్నారు. అర్థశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, భాషాశాస్త్రం కూడా అందులో ఉన్నాయి. చేరడానికి, వీడియోలు చూడటానికి, అసైన్‌మెంట్లు చేయడానికి పైసా కట్టనక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు.

సగంలో మానేసేవాళ్లు చాలావరకు తప్పటడుగు వేసేది చేరేటప్పుడే. ముందుగా ఏమేం తెలిసి ఉండాలో కోర్సు పేజీలోనే రాసి ఉంటుంది, అది చదవరు. మాత్రికలు, సంభావ్యత రాకుండా మెషీన్ లెర్నింగ్‌లో చేరితే రెండో వారానికే దారి మూసుకుపోతుంది. ఇక రెండోది, పాఠాన్ని సినిమాలా ఆపకుండా చూడటం. బోర్డు మీద లెక్క రాయగానే వీడియో ఆపాలి. కాగితం మీద సొంతంగా చేసి, ఎక్కడ ఆగిపోయారో గుర్తుపెట్టుకుని, అప్పుడు ప్లే నొక్కాలి. అరగంట పాఠానికి గంటన్నర పట్టినా పట్టనివ్వండి.

12 వారాల కోర్సులో లెక్కకు తీసుకునేది ఎక్కువ మార్కులొచ్చిన 8 అసైన్‌మెంట్లనే. ఒకటి రెండు తప్పిపోయాయని కోర్సు వదిలేయడం అన్యాయం. అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30 వస్తే గట్టెక్కినట్టే.

కొన్ని కోర్సులకు తెలుగు అనువాద ప్రతులూ ఉన్నాయి. జిల్లా గ్రంథాలయాలు వాటిని ముద్రించి పఠన మందిరాల్లో ఉంచాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక గణిత అధ్యాపకుడు, వరంగల్